జాన్ హంటరు

వంశధారపై గొట్టా ఆనకట్టనుండి వెడలు ఎడమకాలువ టెక్కలి ప్రాంతపు పొలములకు నీరందించును. కాలువగట్టు ఒకచోట బలహీనమై గండిపడనున్నచో, ఎగువన గట్టియైన తావు చూచి నీటిని కట్టివేయుదురు. అప్పుడు ప్రక్కనున్న పిల్లకాలువల వెంట నీరు చుట్టు తిరిగి పాఱినచో దిగువ పైరు ఎండిపోదు. ఇట్టి యుక్తినే మనుష్యుని కాలియందలి ధమనికి వర్తింపజేసిన శస్త్రవైద్యుడు జాన్ హంటరు.

హంటరు 1728వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున స్కాట్లండులోని లాంగ్ కాల్డర్‌వుడ్ అనుచోట జన్మించెను. పదిమంది సంతానములో అతడే కడగొట్టువాడు. పదుమూడవ యేట తండ్రి గతించెను. బడిచదువు అతనికి రుచింపలేదు. పొలములవెంట తిరుగుచు పక్షులను, పురుగులను, చెట్లను పరిశీలించుటయే అతనికి ప్రీతి.

1748లో అతడు లండను చేరి, అన్నయగు విలియము నడుపుచున్న శరీరశాస్త్ర పాఠశాలలో సహాయకుడయ్యెను. పుస్తకములకు లొంగని ఆ బాలుని చేతులు శరీర పరిశోధనలో అపారమైన నేర్పు చూపెను. తరువాత చెసెల్డెన్, పాట్ అను ప్రసిద్ధ శస్త్రవైద్యులకడ పని నేర్చుకొనెను. 1760లో సైన్యమున వైద్యుడుగా చేరి, యుద్ధభూములలో గాయములు మానెడు తీరును కనిపెట్టెను. 1768లో సెయింట్ జార్జి వైద్యశాలలో శస్త్రవైద్యుడుగా నియమింపబడెను. లండను చెంత ఎర్ల్స్ కోర్టులోని తన యింట అనేక జంతువులను పెంచి, వాని జీవితవిధానమును పరీక్షించుచుండెను. మశూచికమునకు టీకా ప్రవేశపెట్టిన ఎడ్వర్డు జెన్నరు ఇతని శిష్యుడే.

ఆ కాలమున గుఱ్ఱపుబండ్లు తోలువారికి ఒక వ్యాధి తఱచుగా వచ్చుచుండెను. మోకాటి వెనుకనున్న ధమనిగోడ బలహీనపడి బుడగవలె ఉబ్బును. దీనిని ఎన్యూరిజము అందురు. ఆ బుడగలో నెత్తురు గడ్డకట్టి పాదమునకు రక్తము అందకపోవచ్చును. బుడగ పగిలినచో ప్రాణమే పోవచ్చును. వైద్యులకు నాడు తెలిసిన మార్గములు రెండే. ఒకటి, ఉబ్బునే కోసి ధమనిని కట్టుట. దానివలన పెక్కుమంది మరణించిరి. రెండవది, కాలినే తీసివేయుట. మత్తుమందు ఇంకను రాని దినములవి. కాలు పోయిన బండివాడు కుటుంబమునెట్లు పోషించును?

హంటరు ఒక లేడి మెడలోని ధమనిని కట్టి చూచెనని ప్రసిద్ధమైన కథ కలదు. దాని కొమ్ము మొదట చల్లబడి, కొన్నిదినములకు మరల వెచ్చనయ్యెనట. చిన్నచిన్న ప్రక్కనాళములు పెద్దవై రక్తమును చేరవేసెను. ప్రధానమార్గము మూసికొనిపోయినను శరీరము వేఱుదారి వెదకికొనునని హంటరు విశ్వసించెను.

1785వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన నలువదియైదేండ్ల బండివానికి అతడు శస్త్రచికిత్స చేసెను. మోకాటి వెనుకనున్న ఉబ్బును తాకలేదు. తొడలో ధమని ఆరోగ్యముగానున్న చోట దానిని కట్టివేసెను. కాలు చల్లబడి చచ్చిపోవునా, బ్రదుకునా? ఇదియే అందఱి సందేహము. కాలు చల్లబడకపోగా రెండవ కాలికంటె వెచ్చగానుండెను. ఉబ్బు క్రమముగా తగ్గెను. ఆ బండివాడు కోలుకొని మరల బండి తోలెను. 1787లో అతడు జ్వరముతో మరణింపగా, హంటరు ఆ కాలిని పరీక్షించి ప్రక్కనాళములు రక్తమును చేరవేసిన సంగతిని కన్నులార గాంచెను. తరువాతి చికిత్సలన్నియు ఫలింపలేదు; అయినను ఈ పద్ధతి అనేక దేశములకు వ్యాపించెను.

హంటరు నిర్దోషి కాడు. చార్లెస్ బర్న్ అను మహాకాయుడు తన దేహమును సముద్రమున వేయుడని కోరియుండగా, 1783లో హంటరు దానిని రహస్యముగా సంపాదించి, అస్థిపంజరమును తన ప్రదర్శనశాలలో నిలిపెను. 2023లో ఆ ప్రదర్శనశాలను మరల తెఱచినప్పుడు అస్థిపంజరమును ప్రదర్శననుండి తొలగించిరి. జ్ఞానమెంత గొప్పదైనను మనుష్యుని కోరికను త్రోసివేయరాదు.

1793వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన, సెయింట్ జార్జి వైద్యశాలలో జరుగుచున్న సమావేశమునందే హంటరు గుండెజబ్బుతో మరణించెను. 1859లో అతని అస్థులను వెస్ట్‌మినిస్టరు ఆబేకి మార్చిరి.

నేడు వైద్యులు దేహమునందలి మఱియొక సిరను తెచ్చి, ఉబ్బిన ధమనికి ప్రక్కదారి కుట్టుచున్నారు. 1990 దశాబ్దమునుండి స్టెంట్ గ్రాఫ్ట్ అను సాధనము కూడ వచ్చినది. అది లోహపు తీగెల అల్లికకు పలుచని పొర తొడిగిన గొట్టము. దానిని ముడిచి, సాధారణముగా గజ్జలోని ధమనిగుండ ఉబ్బుచోటికి పంపి విప్పుదురు. నెత్తురు గొట్టములోనే పాఱును; బలహీనమైన గోడపై ఒత్తిడి తగ్గును. ఏ రోగికి ఏది తగినదో వైద్యుడు నిర్ణయించును.

హంటరు దారము పోయి గొట్టము వచ్చినది. ఉబ్బును కోయకుండ, కాలిని తీయకుండ, రక్తమునకు దారి నిలిపి మనుష్యుని కాపాడవలెనను లక్ష్యము మాత్రము మాఱలేదు. బడిలో వెనుకబడిన ఒక పల్లెబాలుడు కన్నులు తెఱచి లోకమును చూచుటవలన కలిగిన ఫలమిది.