పసుపు చేన్ల వాలే డబ్బా, దాని ఎనుక భాభా

ఆర్మూర్ దిక్కు పసుపు కొనేటోడు కొమ్మును ఇరగ్గొట్టి లోపలి రంగు జూస్తడు. పైమెరుగు నమ్మడు. ఆకాశాన్ని గట్ల లోపలికెల్లి చూసే పనికి మన దేశంల బాట ఏసినోడు హోమీ జహంగీర్ భాభా. అణుబాంబు ముచ్చటొస్తేనే ఆయన పేరు యాదికొస్తది గానీ, బెలూన్ల ముచ్చట ఎవలు చెప్తలేరు.

1909 అక్టోబర్ 30న బొంబాయిల పుట్టిండు. తండ్రి వకీలు, ఉన్నోళ్ల ఇల్లు. కేంబ్రిడ్జిల ఇంజనీరింగ్ చదివి జంషెడ్‌పూర్ ఉక్కు కార్ఖానల కొలువు జెయ్యాలని ఇంట్లోళ్ల కోరిక. ఇంజనీరింగ్ ఫస్ట్ క్లాసుల పాసై, ఫిజిక్స్ దిక్కు మల్లిండు. ఎలక్ట్రాన్, దానికి ఉల్టా ఛార్జి ఉండే పాజిట్రాన్ ఎదురుపడితే ఎట్ల చెదురుతయో 1935ల లెక్కగట్టిండు. ఇయ్యాల్టికీ దాన్ని భాభా స్కాటరింగ్ అంటరు.

1939ల సెలవులకొచ్చిండు. యుద్ధం మొదలైంది, ఇక్కడ్నే ఉండిపోయిండు. బెంగళూరుల కాస్మిక్ కిరణాల పని వెట్టుకున్నడు, 1945ల టీఐఎఫ్‌ఆర్ నిలవెట్టిండు. ఆకాశంకెల్లి వచ్చే కిరణాలను గాలి పొర అడ్డుకుంటది. అందుకే పరికరాలను ముప్పై, నలభై కిలోమీటర్ల ఎత్తుకు పంపాలె. పైసల్లేని దేశానికి బెలూనే దిక్కు. మొదట రబ్బరువి, ఎనుక పాలిథిన్‌వి.

మరి హైదరాబాదే ఎందుకు? మనం భూమి అయస్కాంత మధ్యరేఖకు దగ్గరున్నం. తక్కువ శక్తి ఉన్న కాస్మిక్ కణాలను ఆ అయస్కాంతమే పక్కకు నెడ్తది. లొల్లి తగ్గితేనే గామా కిరణాల సన్నటి జాడ దొరుకుతది. ఎలక్ట్రాన్, పాజిట్రాన్ కలిసి మాయమైతే సరిగ్గ 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణం పుడ్తది, గ్రాఫుల నిలువు గీత లెక్క లేస్తది. పాలపుంత నడుమకెల్లి వచ్చే ఆ గీత 1970లల్ల ఆస్ట్రేలియా మీద ఎగిరిన బెలూన్ టెలిస్కోపుకు చిక్కింది.

భాభా చిన్నప్పటి లెక్కల్లోని జంటనే అది. ఆయన చూడలే. 1966 జనవరి 24న మాంట్ బ్లాంక్ కొండ మీద ఎయిరిండియా విమానం కూలి, 56 ఏండ్లకే పోయిండు. హైదరాబాద్‌ల పర్మినెంట్ బెలూన్ కేంద్రం 1969ల వచ్చింది.

ఆయన పేరు పెద్ద పెద్ద బోర్డుల మీదుంది, మంచిదే. కానీ ఎగిరిన డబ్బా ప్యారాచూట్‌తోని దిగేది ఎవలదో ఒక రైతు చేన్లనే. ఎనుకట ఫొటో ప్లేట్లు అందులనే ఉండేటియి, డబ్బా పోతే అంత పోయినట్టే. టీఐఎఫ్‌ఆర్ ప్రకటనలల్ల మన నిజామాబాద్ జిల్లా పేరు గూడా ఉంటది. తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, చేన్ల డబ్బా కనవడితే ముట్టకుండ ఠాణాకు చెప్పున్రి, ఇనాం ఇస్తరు. రీల్ కోసం ఇప్పదీసిన్రా, ఇనాం పాయె, లోపలి పరికరం పాయె.