మార్లవాయి నేర్పు పాఠము

కోటి విద్యలు కూటికొరకే యని మన పెద్దలందురు. బి.ఏ. తరగతిలో మానవశాస్త్రమును ఎన్నుకొనదలచిన యువకునకు ఇంటివారు వేయు మొదటి ప్రశ్నయు ఇదియే: ఈ చదువు ఏ కూటికి? ఈ ప్రశ్నను చులకన చేయరాదు. గార్ల ప్రాంతపు కోయగూడెములనుండియు, లంబాడీ తండాలనుండియు రైలెక్కి పట్టణమునకు చదువబోవు పిల్లలకు ఇది బ్రతుకు ప్రశ్న. ఉద్యోగముల పట్టిక చదివి వినిపించినంత మాత్రమున దీనికి సమాధానము కాజాలదు. ఈ శాస్త్రమును వరించి, మన తెలుగునేలపై దానిని సాధన చేసిన యొక మనుష్యుని జీవితమును చూపుట మేలు. ఆయన క్రిస్టొఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్.

ఆయన 1909వ సంవత్సరమున వియన్నా నగరమున ఉన్నత వంశమున జన్మించెను. విద్యార్థి దశలో రవీంద్రనాథ ఠాకూరు రచనలు చదివి భారతదేశముపై మనసు నిలిపెను. వియన్నా విశ్వవిద్యాలయమున మానవశాస్త్రమును, పురావస్తు శాస్త్రమును అభ్యసించి, అస్సాము, వాయవ్య బర్మా కొండజాతుల సంఘవ్యవస్థను గూర్చి వ్యాసము వ్రాసి 1931లో డాక్టరు పట్టమందెను. విచిత్రమేమనగా, అప్పటికి ఆయన ఆ కొండలను గాని, ఆ జనులను గాని కన్నులార చూచియుండలేదు. అది గ్రంథాలయపు పాండిత్యము.

ఆ పాండిత్యము చాలదని ఆయనకు లండనులో బోధపడెను. 1935లో అచ్చట మాలినోవ్‌స్కీ పండితుని గోష్ఠులలో చేరి, జనులనడుమ నివసించి, వారి భాష నేర్చి, వారి దినచర్యను కనిపెట్టుటయే ఈ శాస్త్రమునకు ప్రాణమని గ్రహించెను. మరుసటి యేట నాగా కొండలకు పోయి కొన్యాకు నాగులనడుమ ఇంచుమించు ఒక సంవత్సరము గడిపెను. ఆ కాలమున బ్రిటిషు అధికారులు సరిహద్దు గ్రామములపై నడిపిన దండయాత్రకు తోడుగా పోవుటయు జరిగెను. శాస్త్రజ్ఞుని వెనుక అధికారపు నీడ ఎంత దగ్గరగా నుండునో దీనివలన తెలియగలదు.

1939లో భార్య బెట్టీతో ఆయన మరల భారతదేశమునకు వచ్చినంతలో యుద్ధము ముంచుకొని వచ్చెను. ఆస్ట్రియా అంతకుముందే జర్మనీ వశమైయుండుటచే, ఆయన బ్రిటిషువారి దృష్టిలో శత్రుదేశీయుడయ్యెను. తుదకు హైదరాబాదు సంస్థానపు ఎల్లలలో నుండుటకు అనుమతి లభించెను. మరియొకడు ఆ నిర్బంధమును శాపమని తలపోసి కాలము వెళ్లబుచ్చియుండును. ఆయన 1940లో అమ్రాబాదు పీఠభూమిపై చెంచుల నడుమకు పోయెను. పిదప గోదావరి కొండలయందలి కొండరెడ్ల నడుమ వసించెను. అటుపిమ్మట ఆదిలాబాదు గోండుల కడకు చేరెను.

ఆ గోండుల దేశము అప్పుడు రగులుచున్న కుంపటి. పోడు భూములనుండి అటవీశాఖవారు తరిమివేయగా, పట్టాలు పరుల పాలు కాగా, అప్పులవారు పంట నెత్తుకొనిపోగా, కుమ్రం భీము నాయకత్వమున గోండులు తిరుగబడిరి. 1940లో జోడెఘాట్ కడ భీము తుపాకి గుండ్లకు నేలకొరిగెను. రక్తము చిందిన పిదపగాని ప్రభుత్వమునకు కారణములు విచారింపవలెనను తలంపు పుట్టలేదు. ఆ విచారణ హైమెండార్ఫు పాలబడెను. ఆయన గోండీ భాష నేర్చెను. మార్లవాయి గ్రామమున పూరింట కాపురముండెను. భూమి లేమియే కలతకు మూలమని నివేదించెను. వేలకొలది కుటుంబములకు పట్టాలు లభించుటకు ఆ నివేదికలు తోడ్పడెను. 1943లో మార్లవాయియందే గోండు ఉపాధ్యాయులకు శిక్షణశాల వెలసెను; గోండీ వాచకములు నాగరలిపిలో అచ్చుపడెను. చెంచులపై 1943లోను, కొండరెడ్లపై 1945లోను, రాజగోండులపై 1948లోను ఆయన గ్రంథములు వెలువడెను. నైజాము ప్రభుత్వమునకు గిరిజన వ్యవహారముల సలహాదారుగను, ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగను ఆయన పనిచేసెను.

1949లో ఆయన లండను విశ్వవిద్యాలయమునకు మరలెను. నేపాళమున షేర్పాల నడుమ పరిశోధించి ప్రఖ్యాతి గడించెను. ఉద్యోగవిరమణానంతరము, 1976 మొదలు, పాతనేలకు తిరిగివచ్చి చూడగా, తాను పట్టాలిప్పించిన భూములు పెక్కు అన్యాక్రాంతమైయుండెను. 1959 నాటి భూబదలాయింపు నిబంధనయు, దానిని బిగించిన 1970 సవరణయు కాగితముపై నుండగనే ఇది జరిగెను. ఆ వేదనను 1982లో ప్రకటించిన గ్రంథమున దాచక వ్రాసెను. తన కృషి విఫలమైనచోట విఫలమైనదని యొప్పుకొనుట పండితులలో అరుదైన గుణము. 1987లో బెట్టీ మరణింపగా మార్లవాయియందే సమాధి చేసిరి. 1995లో ఆయన కన్నుమూసెను. ఆయన అస్థికలు పిదప ఆమె సరసనే చేరెను. ఏటా జనవరిలో గోండులు అచ్చట చేరి వారిని స్మరింతురు.

ఈ జీవితమునుండి మన విద్యార్థి గ్రహింపవలసినదేమి? ఆస్ట్రియా దేశీయుడు ఏండ్లు వెచ్చించి సంపాదించిన భాషాజ్ఞానము గార్ల బాలునకు తల్లి యొడిలోనే లభించుచున్నది. కోయభాష గోండీకి దగ్గరి చుట్టము. లంబాడీ ఆర్యభాషా కుటుంబమునకు చెందినది. ఈ రెండును ఒకే సంతలో వినబడు చోటు మానవశాస్త్రమునకు పాఠశాల కాక మరేమి? భాష తెలిసినంతమాత్రమున శాస్త్రము రాదు, నిజమే. కాని శాస్త్రము నేర్చినవానికి భాష కూడ నున్నచో ఇక కొరత యేమి?

కావున ఈ శాస్త్రమును కోరువాడు దానితో భూమిచట్టమునో, గణాంకశాస్త్రమునో జతపరచుకొనవలెను; హైమెండార్ఫు నివేదికలకు బలమిచ్చినది వట్టి జాలి కాదు, భూమి లెక్క. ఆంధ్ర విశ్వవిద్యాలయమునందును, హైదరాబాదు విశ్వవిద్యాలయమునందును ఈ శాఖలు కలవు. 1945లో నెలకొల్పబడిన భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ, హైదరాబాదులోని గిరిజన సంస్కృతి పరిశోధన శిక్షణ సంస్థ, గిరిజనాభివృద్ధి సంస్థలు ఇట్టి విద్యావంతులకు పనికి తావులు. సివిలు సర్వీసు పరీక్షకును ఇది ఐచ్ఛిక విషయము. కూటి ప్రశ్నకు ఇంతవరకు సమాధానము కలదు.

మిగిలినది మానప్రశ్న. నిన్నటివరకు మన గూడెములను గూర్చి పరాయివారు వ్రాసిరి, మనము చదివితిమి. భీము నెత్తురు చిందినపిదప విచారణాధికారి వచ్చెను. రేపు నెత్తురు చిందకమునుపే భూమి లెక్క తీసి, జనుల మాట జనుల భాషలోనే విని, ప్రభుత్వమునకు నిలదీసి చెప్పువాడు గూడెమునుండియే లేచి రావలెను. అట్టివాడు పుట్టిననాడే మార్లవాయి పాఠము పూర్తియగును.