ఎరిక్ సాతీ

ఫ్రెంచి సంగీతకర్త ఎరిక్ సాతీ 1866 మే 17న ఓంఫ్లర్ రేవుపట్టణంలో జన్మించాడు. ఆరేళ్ల ప్రాయంలోనే తల్లిని కోల్పోయాడు. 1879లో పారిస్ సంగీత కళాశాలలో చేరగా గురువులు ఆయనను సోమరిగా ఎంచారు. అటుపై పానశాలలలో పియానో వాయిస్తూ జీవిక గడుపుకొన్నాడు.

1893 ప్రాంతంలో ‘వెక్సేషన్స్’ అనే స్వరరచన చేశాడు. వేధింపులని దాని అర్థం. ఒక్క పుటలో ఇమిడే ఆ రచనను 840 మార్లు వాయించదలచినవారు ముందుగా మౌనంతో, నిశ్చలత్వంతో సిద్ధపడాలని సూచించాడు. ఆయన జీవితకాలంలో అది అచ్చుకు నోచుకోలేదు.

1898 నుండి పారిస్ శివారున ఆర్కయ్‌లో ఒంటరిగా, పేదరికంలో బ్రతికాడు. అయినా విద్యాకాంక్ష చావలేదు. 1905లో, 39వ ఏట మళ్లీ విద్యార్థిగా చేరి 1908లో పట్టా పొందాడు. 1925 జులై 1న కన్నుమూశాడు.

1963 సెప్టెంబరులో న్యూయార్కులో జాన్ కేజ్ పూనికతో వాదకులు వంతులవారీగా ఆ రచనను 840 మార్లు వాయించారు. అందుకు 18 గంటలకు పైగా పట్టింది. మన పల్లెలలోని ఏకాహ భజనలోనూ ఒకే నామం రేయింబవళ్లు సాగుతుంది. అక్కడ భక్తి ఆసరా. ఇక్కడ శ్రోత సహనమే ఆసరా. గురువులు సోమరి అన్న విద్యార్థి, ఓర్పుతో వినడమూ ఒక సాధనేనని లోకానికి తెలియజేశాడు.