రాబర్ట్ బ్రూస్ ఫుట్

రాబర్ట్ బ్రూస్ ఫుట్ (సెప్టెంబరు 22, 1834 - డిసెంబరు 29, 1912) బ్రిటిషు భూగర్భ శాస్త్రవేత్త, పురావస్తు పరిశోధకుడు. భారతదేశంలో పాత రాతియుగపు మానవుని ఉనికికి ఆధారాలు చూపిన ఈయనను భారత ప్రాక్చరిత్ర పరిశోధనకు పితామహునిగా పరిగణిస్తారు.

తొలి పరిశోధనలు

ఇంగ్లాండులోని చెల్టెన్‌హామ్‌లో జన్మించిన ఫుట్, 1858లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో చేరాడు. 1863 మే 30న మద్రాసు సమీపంలోని పల్లవరం వద్ద, కంకర గోతి నుండి తవ్విపోసిన మట్టిలో ఆయనకు రాతి చేతిగొడ్డలి దొరికింది. గుర్తించేవారు లేకుంటే ఇటువంటి పనిముట్లు రోడ్లకు, కట్టడాలకు వాడే కంకరలో కలిసిపోతాయి. అదే ఏడాది సెప్టెంబరులో విలియం కింగ్‌తో కలిసి అత్తిరంపాక్కంలో మరిన్ని పనిముట్లను కనుగొన్నాడు. అక్కడి అతి ప్రాచీన పనిముట్లు సుమారు 15 లక్షల సంవత్సరాల నాటివని 2011లో వెలువడిన పరిశోధన తెలిపింది.

తెలుగు ప్రాంతంలో

1880లలో అప్పటి కర్నూలు జిల్లా బేతంచెర్ల సమీపంలోని బిళ్ళసర్గం గుహలలో తన కుమారుడు హెన్రీతో కలిసి తవ్వకాలు జరిపాడు. అక్కడ జంతువుల శిలాజాలు, ఎముకతో చేసినవిగా భావించిన పనిముట్లు లభించాయి. బళ్ళారి ప్రాంతపు బూడిద దిబ్బలు పశువుల పేడ కాలగా ఏర్పడినవని వివరించాడు. 1957లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో ఆల్చిన్ జరిపిన తవ్వకాలు ఈ అభిప్రాయాన్ని బలపరిచాయి.

సేకరణ

ఫుట్ 1891లో పదవీ విరమణ చేశాడు. 1904లో ఆయన సేకరణ మద్రాసు మ్యూజియానికి చేరింది. ఏ వస్తువు ఏ ఊరిలో దొరికిందో తెలిపే దాని వివరణ గ్రంథాలు ఆయన మరణానంతరం 1914, 1916లలో వెలువడ్డాయి. తవ్వకాల వలన రూపుమాసిన స్థలాలను గురించి తెలుసుకొనడానికి ఇటువంటి నమోదులే ఆధారం.