మీర్ సుల్తాన్ ఖాన్ – ఆలస్యంగా మొదలుపెట్టి గెలిచిన ఆటగాడు

మన హాస్టల్ వరండాలో చదరంగం బల్ల చుట్టూ చేరే తమ్ముళ్ళందరూ తెలుసుకోవలసిన పేరు మీర్ సుల్తాన్ ఖాన్.

ఇప్పటి పాకిస్తాన్ పంజాబ్‌లోని ఒక పల్లెలో ఆయన పుట్టారు. చిన్నప్పుడు తండ్రి దగ్గర నేర్చింది దేశవాళీ చదరంగం. అందులో బంటు మొదటి ఎత్తులో రెండు గళ్ళు కదలదు. జమీందారు సర్ ఉమర్ హయాత్ ఖాన్ ఆశ్రయమిచ్చాక, ఇరవై ఏళ్ళు దాటిన వయసులో అంతర్జాతీయ నియమాలు నేర్చుకున్నారు. 1929లో ఆయన వెంట లండన్ వెళ్ళి, ఆ ఏడాదే బ్రిటిష్ చాంపియన్ అయ్యారు. 1932, 1933లలో మళ్ళీ గెలిచారు.

ఓపెనింగ్స్‌లో ఆయన తరచూ వెనకబడేవారు. మిడిల్ గేమ్‌లో మాత్రం తొందరపడేవారు కాదు. పావులను ఒక్కొక్కటిగా మంచి గళ్ళకు చేర్చి, ఎదుటివారి బలహీనత బయటపడేదాకా ఓపిక పట్టేవారు. 1930-31 హేస్టింగ్స్ పోటీలో మాజీ ప్రపంచ చాంపియన్ కాపబ్లాంకా అలాగే చిక్కి, మంత్రి కోసం రెండు ఏనుగులను వదులుకుని ఓడిపోయారు.

జమీందారు స్వదేశానికి తిరిగి రావడంతో ఆయన అంతర్జాతీయ పోటీలూ ముగిశాయి. 1966లో కన్నుమూశారు. గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు 2024లో, చనిపోయిన 58 ఏళ్ళకు దక్కింది.

మనమూ చాలామందిమి ఇంగ్లీషులోనూ, కోచింగ్‌లోనూ వెనకబడే ఆట మొదలుపెడతాం. అంతమాత్రాన బల్ల ముందు నుంచి లేవకూడదు. పని లేకుండా ఉన్న పావు ఏదో చూసి, ముందు దాన్ని కదుపుదాం. అలాగే ఆసరా లేక ఏ తమ్ముడి ఆటా మధ్యలో ఆగకుండా, చదువు ముగించి వెళ్ళిన మనమే చూసుకుందాం.