ఖజానా లెక్కల్లో కులాన్ని చూసిన అంబేడ్కర్

నరసాపురం రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే అవతల సఖినేటిపల్లి. నా చిన్నతనంలో ఆ ఒడ్డు తూర్పు గోదావరి జిల్లా. 2022లో అది కోనసీమ జిల్లా అయింది, ఆ వెంటనే దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేరింది. ఆ పేరు వద్దంటూ 2022 మే 24న అమలాపురంలో ఒక మంత్రి ఇంటికీ, ఒక శాసనసభ్యుని ఇంటికీ నిప్పు పెట్టారు. అంతకు ఐదేళ్ల ముందు, ఇటు ఒడ్డున, మా పశ్చిమ గోదావరిలోని గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం నిలబెట్టినందుకు దళితులను సాంఘికంగా బహిష్కరించారు. పేరు మీదా, విగ్రహం మీదా ఇంత పోరు సాగిన డెల్టాలో, ఆ మనిషి అసలు ఏం చదివాడన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది.

ప్రభుత్వ పాలనాశాస్త్రంలో ఎం.ఏ. చేరిన విద్యార్థులను మొదటి తరగతిలోనే నేను ఆ ప్రశ్న అడుగుతాను. చాలామంది న్యాయశాస్త్రమని చెబుతారు. రాజ్యాంగం రాసినవాడు కనుక అలా అనుకోవడం సహజమే. కానీ బారిస్టరు పట్టా ఆయనకు 1922లో, లండన్ గ్రేస్ ఇన్‌లో వచ్చింది. విదేశీ విశ్వవిద్యాలయాల్లో ఆయన రాసి సంపాదించిన పట్టాలన్నీ అర్థశాస్త్రానివి. అందులోనూ ఆయన ఎక్కువగా పరిశోధించింది ప్రభుత్వం డబ్బు ఎవరి దగ్గర వసూలు చేస్తుంది, ఎవరి మీద ఖర్చు పెడుతుంది, ఆ రెంటినీ నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉంటుంది అన్న విషయాలనే. ఈ చదువును పక్కన పెట్టి ఆయన కులనిర్మూలన పోరాటాన్ని చదివితే సగమే అర్థమవుతుందని నా అభిప్రాయం.

1891 ఏప్రిల్ 14న మౌ సైనిక పట్టణంలో పుట్టాడు. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. సతారా బడిలో ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్ట మీద విడిగా కూర్చున్నాడు. దాహం వేస్తే బడి బంట్రోతు వచ్చి పైనుంచి నీళ్లు పోయాలి, బంట్రోతు రాని రోజున నీళ్లు లేవు. ఇదంతా పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. నేను విద్యార్థులకు చెప్పేది ఇందులోని పాలనా వ్యవహారం: అది ప్రభుత్వ బడి, ప్రవేశం ఇచ్చింది ప్రభుత్వమే, కుండను ముట్టనివ్వనిది మాత్రం ఏ చట్టంలోనూ లేని కట్టుబాటు. ఉత్తర్వుకూ ఆచరణకూ నడుమ ఉన్న ఈ దూరాన్ని ఆయన జీవితమంతా కొలుస్తూనే ఉన్నాడు.

బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో బి.ఏ. చదవడానికి బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ నెలకు 25 రూపాయలు ఇచ్చారు. తర్వాత అమెరికా చదువుకు మూడేళ్లపాటు నెలకు పదకొండున్నర పౌండ్లు. బదులుగా పదేళ్లు బరోడా సంస్థానంలో పనిచేస్తానని ఒప్పందం రాసిచ్చి, 1913 జూలైలో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం చేరాడు. అక్కడ ఆయన తీసుకున్న పాఠ్యాంశాల పట్టిక చూస్తే ఆశ్చర్యమేస్తుంది. అర్థశాస్త్రంలో 29, చరిత్రలో 11, సమాజశాస్త్రంలో 6, తత్వశాస్త్రంలో 5, మానవశాస్త్రంలో 4, రాజకీయశాస్త్రంలో 3. పట్టాకు కావలసినంత చదివి ఊరుకునే విద్యార్థి చేసే పని కాదిది.

1915 మేలో ఆయన పూర్తిచేసిన రచన ఈస్టిండియా కంపెనీ పాలన, విత్త వ్యవహారాల గురించినది. 1792 నుంచి 1858 దాకా కంపెనీ ఆదాయ వ్యయాలను తిరగేసి, ప్రజోపయోగమైన పనుల మీద అది ఎంత తక్కువ ఖర్చు పెట్టిందో చూపించాడు. భారతదేశం ఇంగ్లండుకు సమర్పించుకున్నది అపారం, తిరిగి పొందింది శూన్యం అన్నది ఆయన తేల్చిన లెక్క. ఇది చదివినప్పుడల్లా నాకు ధవళేశ్వరం ఆనకట్ట గుర్తొస్తుంది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ కట్టడం కంపెనీ కాలానిదే. కాటన్ దొరకు మా డెల్టాలో ఊరూరా విగ్రహాలున్నాయి, ఉండదగినవే. అయితే ఆ కాలువల నీటితో పండిన పంట ఎవరి గాదెలో చేరిందో, ఆ పొలాల్లో నాట్లు వేసినవారి పేటకు తాగునీరు ఎప్పుడొచ్చిందో ఏ శిలాఫలకం చెప్పదు.

సరిగ్గా ఏడాది తర్వాత, 1916 మే 9న, అదే కొలంబియాలో మానవశాస్త్ర ఆచార్యుడు గోల్డెన్‌వైజర్ నిర్వహించిన సదస్సులో ఆయన కులం పుట్టుక మీద పత్రం చదివాడు. కులాన్ని నిలబెడుతున్నది తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే నియమమని అందులో వాదించాడు. పన్నెండు నెలల్లో ఒకే విద్యార్థి రాసిన ఈ రెండు పత్రాలను మనవాళ్లు రెండు వేర్వేరు అలమారల్లో పెట్టారు. ఒకటి అర్థశాస్త్రజ్ఞులకు, ఇంకొకటి ఉద్యమకారులకు.

ఆ రెండూ ఒకటే చదువని తెలియాలంటే ఆయన పీహెచ్‌డీ గ్రంథం చూడాలి. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల విత్త వ్యవస్థ ఎలా పరిణమించిందన్నది అందులోని విషయం. 1833 చార్టర్ చట్టంతో ఖజానా అంతా కేంద్రం చేతికి పోయింది. ఖర్చు పెట్టేది రాష్ట్రాలు, సొమ్ము ఇచ్చేది కేంద్రం. తాము పన్ను వేయనక్కరలేదు కనుక రాష్ట్రాలకు పొదుపుతో పనిలేదు, ఎవరు గట్టిగా అడిగితే వారికి ఎక్కువ దక్కేది. 1871లో మేయో కొన్ని శాఖలను, కొంత సొమ్మును రాష్ట్రాలకు అప్పగించాడు. అక్కడ మొదలైన వికేంద్రీకరణ 1919 చట్టం వరకూ ఎలా నడిచిందో అంబేడ్కర్ మెట్టుమెట్టుగా వివరిస్తాడు. పొడి విషయమే, ఒప్పుకుంటాను. నా విద్యార్థుల్లో సగం మంది అక్కడే పుస్తకం మూసేస్తారు.

మూయకుండా చివరి భాగం దాకా వెళ్లినవారికి ఒక చోట పద్దుల మధ్య నుంచి కులం ఎదురవుతుంది. పరాయి ప్రభుత్వం శాంతిభద్రతలను కాపాడగలదు గాని సమాజాన్ని మార్చే సాహసం చేయలేదని అంబేడ్కర్ అంటాడు. కులవ్యవస్థను రద్దు చేయలేదు, కులాంతర వివాహాలకు చట్టబద్ధత ఇవ్వలేదు, తేయాకు తోటల యజమానుల మీద పన్ను వేయడానికీ వెనకాడుతుంది. ఈ మూడింటినీ ఒకే వరుసలో పేర్చడంలోనే ఆయన చూపు ఉంది. బలవంతుడి మీద పన్ను వేయలేని భయమూ, కులం జోలికి పోలేని భయమూ ఒకటే. ఎదురుతిరిగే శక్తి ఎవరికుందో చూసి ప్రభుత్వం తన పని నిర్ణయించుకుంటుంది. నేను పాతికేళ్లుగా చదువుతున్న పాలనాశాస్త్ర గ్రంథాల్లో ఇంత సూటిగా చెప్పినవి తక్కువ.

ఈ పుస్తకం 1925లో అచ్చయింది. ఆ లోపల జరిగిన కథ చాలానే ఉంది. 1917లో ఉపకారవేతనం గడువు తీరి, లండన్ చదువు మధ్యలో ఆపి, ఒప్పందం ప్రకారం బరోడా వచ్చాడు. ఆయన తర్వాత రాసుకున్న ప్రకారం అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో శిక్షణలో చేర్చారు. కొలంబియాలో ప్రభుత్వ లెక్కల మీద పరిశోధన చేసిన మనిషికి తగిన చోటే. అయితే ఊళ్లో ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరుతో తలదాచుకుంటే పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. కార్యాలయంలో బంట్రోతులు ఫైళ్లను దూరం నుంచి బల్ల మీదకు విసిరేవారు. మహారాజు సదుద్దేశాన్ని నేను శంకించను, కానీ మహారాజు ఇచ్చిన ఉద్యోగానికి బంట్రోతు ఇచ్చే విలువ వేరుగా ఉంది.

1918లో బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్యుడయ్యాడు. అక్కడా సాటి అధ్యాపకులకు నీళ్ల కుండ దగ్గరే అభ్యంతరం వచ్చింది. తాను కూడబెట్టిన డబ్బుతో, కొల్హాపూర్ ఛత్రపతి సాహూ మహారాజ్ తోడ్పాటుతో 1920లో మళ్లీ లండన్ వెళ్లి 1921లో ఎం.ఎస్సీ., 1923లో రూపాయి సమస్య మీద డి.ఎస్సీ. పూర్తిచేశాడు. బంగారు ప్రమాణం గురించి ఆయన వాదనను ఇప్పటి అర్థశాస్త్రజ్ఞులు ఎక్కువమంది అంగీకరించరు. ఆయన గురువు ఎడ్విన్ కానన్ కూడా ముందుమాటలోనే తన విభేదాన్ని రాశాడు. దాని వల్ల ఆ పుస్తకం విలువ తగ్గలేదు.

ఇక 1927. ఆ ఏడాది మార్చి 20న మహాడ్‌లో వేలాదిమందితో నడిచివెళ్లి చవదార్ చెరువు నీళ్లు తాగాడు. జూన్ 8న కొలంబియా ఆయనకు పీహెచ్‌డీ పట్టా ప్రదానం చేసింది. మహాడ్‌ను మనం తిరుగుబాటుగా చెప్పుకుంటాం. నిజానికి ఆయన కొత్త హక్కునేమీ అడగలేదు. ప్రభుత్వ సొమ్ముతో నిర్వహించే చెరువులు, బావులు అందరికీ తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించింది. మహాడ్ పురపాలక సంఘం 1924లో తన చెరువును తెరుస్తున్నట్టు తీర్మానం చేసింది. మూడేళ్లయినా ఒక్క అంటరాని మనిషీ దాని మెట్లు దిగలేదు. అమలు కాని తీర్మానాన్ని ఆయన తన దోసిలితో అమలు చేశాడు. దాడులు జరిగాయి, చెరువును శుద్ధి చేశారు, ఆగస్టులో పురపాలక సంఘం తన తీర్మానాన్నే వెనక్కు తీసుకుంది. వ్యాజ్యం సాగి సాగి 1937లో హైకోర్టులో దళితుల పక్షాన ముగిసింది.

మరుసటి ఏడాది బొంబాయి ప్రభుత్వం నియమించిన స్టార్ట్ కమిటీలో ఆయన సభ్యుడు. 1930లో వచ్చిన ఆ నివేదిక సాంఘిక బహిష్కరణను బలమైన ఆయుధంగా గుర్తించింది. కొట్టడం, తిట్టడం కన్నా, పని ఆపేసి, కౌలు తీసేసి, సరుకులు అమ్మకుండా చేసే వెలి ఎక్కువ నష్టం కలిగిస్తుందని చెప్పింది. గరగపర్రు వార్తలు వచ్చిన రోజుల్లో నేను ఆ పేజీలను తరగతిలో చదివించాను. ఏ ఊరి గురించో, ఏ సంవత్సరం నాటివో ముందుగా చెప్పలేదు. పిల్లలు నిన్నటి పత్రికలోని కథనమనుకున్నారు.

వైస్రాయి కార్యవర్గంలో 1942 నుంచి 1946 వరకు కార్మిక శాఖ చూసినప్పుడు నీటిపారుదల, విద్యుత్తు కూడా ఆయన పరిధిలోకే వచ్చాయి. దామోదర్ లోయ పథకానికి అప్పుడే రూపం వచ్చింది. ఆ పదవిలో ఉండగానే 1944 సెప్టెంబరులో ఏలూరు, కాకినాడ వచ్చి మన జనంతో మాట్లాడాడు. రాజ్యాంగంలో 280వ అధికరణం కింద ఏర్పడే ఆర్థిక సంఘాన్ని చూస్తే, కేంద్రమూ రాష్ట్రాలూ సొమ్ము ఎలా పంచుకోవాలన్న ఆయన పరిశోధనాంశమే కనిపిస్తుంది. గ్రామాన్ని పాలనకు పునాది చేయాలన్న వాదాన్ని 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో తీవ్రంగా తిరస్కరించినదీ ఆయనే. అధికారం కిందికి దిగితే అక్కడ దాన్ని అందుకునేది ఎవరన్నది ఆయన అనుమానం. 73వ సవరణ తర్వాత పంచాయతీల్లో దళితులకు స్థానాలు వచ్చాయి. ఆ మేరకు ఆయన భయం కొంత తీరిందనుకుంటాను. పూర్తిగా తీరిందని అనలేను.

నరసాపురం దగ్గర మా ఊళ్లో రెండు చెరువులు. కాలువలు కట్టేసే వేసవిలో తాగడానికి నిలవ ఉంచిన నీళ్లే దిక్కు. ఊరి చెరువు ఊరిది, మా పేట చెరువు మాది. మా నాయనమ్మ ఊరి చెరువు గట్టు మీద బిందె పెట్టి ఎవరైనా తోడిపోస్తారేమోనని కాచుకున్న కథలు చెప్పేది. కుళాయిలు వచ్చాక ఆ కథలు పాతబడ్డాయి. కొన్నేళ్ల కిందట పరిశోధన కోసం డెల్టాలో ఒక పంచాయతీ పద్దులు చూశాను, పేరు అనవసరం. అక్కడా రెండు చెరువులే. చెరువు పూడికతీత అని ఏటా ఖర్చు రాసి ఉంది. ఏ చెరువని అడిగాను. అది రాసే గడి పద్దుల పుస్తకంలో లేదని అక్కడి ఉద్యోగి మర్యాదగానే చెప్పాడు. ఇద్దరం నడిచి వెళ్లి చూశాం. ఊరి చెరువు గట్టు కొత్త రాతికట్టుతో ఉంది. పేట చెరువు నిండా గుర్రపుడెక్క.

ఈ ఏడాది మా ఎం.ఏ. విద్యార్థులకు ఇచ్చిన పని అదే. ఎవరి ఊరి పంచాయతీ పద్దులు వారు తెచ్చుకుని, ప్రతి ఖర్చు ఎదుట అది ఏ వీధిలో జరిగిందో రాయాలి. పంటు మీద అవతలి ఒడ్డు నుంచి వచ్చి చదువుకుంటున్న ఒకమ్మాయి తన ఊరి మూడేళ్ల లెక్క తెచ్చింది. ఇంకా కూడుతున్నాం.