ప్లాంకు పండితుఁడు – సంకల్పస్వాతంత్ర్యము

మాక్సు ప్లాంకు 1858వ సంవత్సరమున జర్మనీయందలి కీలు పట్టణమున జన్మించెను. శక్తి ధారవలెఁ గాక అంశములు అంశములుగా వెలువడునని 1900వ సంవత్సరమున తెలిపి నూతన భౌతికశాస్త్రమునకు బీజము నాటెను. పిమ్మట పరమాణువుల నడవడి అనిశ్చితమని తేలఁగా, ఎడింగ్టను మొదలగువారు మానవస్వేచ్ఛకు అందుఁ దావు దొరకెననిరి. ప్లాంకు సమ్మతింపలేదు, కాకతాళీయము స్వేచ్ఛ యెట్లగును? బయటినుండి చూచువానికి మన చేఁతలు కారణబద్ధములు. నిశ్చయించు వేళ మన సంకల్పమును మనమే ముందుగాఁ గనుఁగొనఁజాలము గావున స్వతంత్రులమని ఆయన మతము.

1944లో హిట్లరుపైఁ గుట్రలో చేరెనని ఆయన కుమారుఁడు ఎర్వినునకు మరణదండన విధింపఁగా, ఎనుబదియాఱేండ్ల యా వృద్ధుఁడు విధియని యూరకుండక క్షమాభిక్షకై హిట్లరునకు లేఖ వ్రాసెను. అయినను 1945 జనవరిలో కుమారుని ఉరితీసిరి. కార్యకారణనియమము మన కర్తవ్యమును తొలఁగింపదని మేమీ చరిత్రమువలన గ్రహించుచున్నాము.